అచ్చు తప్పా, చేతి తప్పా

నాణేల గురించి నాకేమీ తెలియదన్న సంగతి మా శాఖకు తెలియకపోవడం వల్ల నేను నాణేల నిపుణుణ్ణయ్యాను.

నా పేరు సోమేశ్వరం. మా జిల్లా మ్యూజియంలో సహాయ సంరక్షకుణ్ణి. చదివింది రాతి శాసనాలు. మ్యూజియం మొత్తానికి భూతద్దం ఒక్కటే ఉండటం, అది నా టేబులు సొరుగులో ఉండటం నా అసలు అర్హతలు. అంతకు ముందు దాన్ని నేను మందు సీసాల మీద గడువు తేదీలు చదవడానికి వాడుకునేవాణ్ణి.

ఆ ఏడాది మా ఊరి జనానికి ఒక పిచ్చి పట్టుకుంది. ఎవడో ఫోన్లో ఒక వీడియో పెట్టాడు. నాణెం మీద అక్షరాలు రెండేసిగా కనిపిస్తే, ఒకదాని పక్కన ఇంకొకటి నీడలా అంటుకుని ఉంటే, ఆ నాణేనికి లక్షలు పలుకుతాయట. అంతే! కండక్టర్లు చిల్లర ఇవ్వడం మానేశారు. కిరాణా కొట్లలో చిల్లరకు బదులు చాక్లెట్లు చేతిలో పెట్టారు. కోటజంక్షన్ ఆంజనేయస్వామి హుండీలో నోట్లు తప్ప శబ్దం వచ్చేది ఏదీ పడలేదని పూజారిగారు నాతో చెప్పుకుని బాధపడ్డారు. ఆ నాణేలన్నీ మూటలు కట్టుకుని జనం మా మ్యూజియానికి వచ్చారు. మా మ్యూజియానికి జనం రావడం అదే మొదలు. అంతకు ముందు వచ్చేవాళ్ళు మంచినీళ్ళ కోసమో, ఎండకు తాళలేకో వచ్చేవాళ్ళు.

ఈ సందర్శకుల లెక్క పైకి వెళ్ళేసరికి ప్రాంతీయ కార్యాలయం నుంచి మా జాయింట్ డైరెక్టరు తారకప్రభుగారు స్వయంగా దిగారు. ఆయన మాట్లాడితే మనిషి మాట్లాడినట్టుండదు, ఉత్తర్వు చదివినట్టుంటుంది. ఇంట్లో ఉప్మాలో ఉప్పు తక్కువైతే ఏమంటారో నాకు తెలుసుకోవాలని ఉంది.

"ప్రజల ఆకాంక్షలను దృష్టియందుంచుకొని, ఈ ప్రదర్శనశాలయందు నాణెముల ద్వంద్వత్వ నిర్ధారణ విభాగమును నెలకొల్పుటకు నిర్ణయించడమైనది," అన్నారు. "దీనికి నిపుణులు మీరు."

"సార్, నాకు నాణేలు..."

"భూతద్దము మీ ఆధీనమందున్నదా, లేదా?"

"ఉంది సార్."

"మరి?"

సాయంత్రానికల్లా నా గది గుమ్మానికి బోర్డు వేలాడింది.

నిపుణుడన్నాక ఏదో ఒకటి తెలియాలి కదా. పుస్తకాలు తెప్పించుకుని చదివాను. చదివితే సంగతి ఇదీ. నాణెం మీద అక్షరాలు రెండుగా కనిపించడానికి రెండు దారులున్నాయి. మొదటిది, నాణెం కొట్టే ఉక్కు అచ్చు తయారు చేసేటప్పుడే తప్పు జరగడం. అచ్చును ఒకసారి నొక్కి, చాలలేదని రెండోసారి నొక్కేటప్పుడు అది వెంట్రుకవాసి పక్కకు జరిగితే, అచ్చులోనే అక్షరాలు రెండవుతాయి. ఆ అచ్చుతో కొట్టిన నాణెం ప్రతిదానికీ అదే జంట, అదే చోట, అంతే ఎడంలో పడుతుంది. దీన్ని దొరలు డబుల్ డై అన్నారు. నేను అచ్చుజంట అన్నాను. ఇదే అసలు సరుకు.

రెండోది, అచ్చు బంగారం లాంటిదే, కొట్టేటప్పుడు యంత్రం కాస్త వదులై, అచ్చు పైకి లేచే క్షణంలో కుదుపుకు అక్షరం అంచు చెక్కుకుపోవడం. అక్కడ చదునుగా ఒక చిన్న మెట్టులాంటిది మిగులుతుంది. చూసేవాళ్ళకు అదీ రెండుగానే కనిపిస్తుంది. దాన్ని మెషిన్ డబ్లింగ్ అంటారు. నేను కుదుపుజంట అన్నాను. దానికి విలువ సున్నా. అచ్చుజంట వల్ల అక్షరం ఒళ్ళు చేస్తుంది, కుదుపుజంట వల్ల చిక్కిపోతుంది. అంతే తేడా.

ఈ మాత్రం తెలిసేసరికి నాకు కళ్ళు నెత్తికెక్కాయి. ఊళ్ళో ఇంకెవరికీ తెలియని సంగతి నాకొక్కడికే తెలుసు మరి! నడకలో కూడా మార్పు వచ్చిందని మావాళ్ళన్నారు. ఇంట్లో ఇడ్లీల మీద రేకు చిల్లుల గుర్తులు చూస్తూ కూర్చుంటే మా ఆవిడ, "అది అచ్చుజంటో కుదుపుజంటో తర్వాత తేలుద్దురుగాని, ముందు తినండి, చట్నీ పులిసిపోతోంది," అని కసిరింది.

వచ్చిన నాణేలన్నీ కుదుపుజంటలే. ఒక్కటంటే ఒక్క అచ్చుజంట రాలేదు. నేను మహా ఉత్సాహంగా అందరి ఆశలూ తుంచేశాను. ఎవరు ఏడ్చినా, ఎవరు సిఫార్సు తెచ్చినా కుదుపును అచ్చు అనలేదు. అబ్బో, అప్పట్లో నా నిజాయితీ చూసి నాకే ముచ్చటేసేది.

బస్సుల కాంప్లెక్స్ దగ్గర పరోటాల బండి నడిపే సన్యాసినాయుడు గల్లాపెట్టె ఖాళీ చేసి తెచ్చాడు.

"సూడండి సార్, అచ్చరాలు రెండేసి లేవేటి?"

"ఉన్నాయి. కానీ ఇది కుదుపు. పనికిరాదు."

"కుదుపేటి సార్, బస్సా?"

వివరంగా చెప్పాను. భూతద్దం ఇచ్చి మెట్టు చూపించాను. అతను చాలాసేపు చూసి తల గోక్కున్నాడు.

"అంటే సార్, అచ్చు సేసిన పెద్దోడు తప్పు సేస్తే లచ్చలూ, కొట్టినోడి సెయ్యి కదిలితే సున్నానా?"

"అంతే."

"ఇదెక్కడి నాయం సార్?"

"న్యాయం కాదు, ఇది నాణేల శాస్త్రం," అన్నాను గంభీరంగా.

"పోన్లెండి. పనికిరాదనన్నా ఓ కాయితం మీద రాసియ్యండి. ఉత్తి సేతుల్తో ఎల్తే మా ఇంటిది నమ్మదు. ఎక్కడో అమ్మేసి తాగేసినానంటాది."

ఆ మాటలో నిజముంది. ఆ తర్వాత వచ్చిన మగవాళ్ళందరూ అదే కాగితం అడిగారు. నేను పైకి రాశాను. తారకప్రభుగారు పరమానందభరితులయ్యారు. "పౌరుడు రిక్తహస్తములతో వెనుదిరగరాదు. నిరర్థకమైన నాణెమునకు నిరర్థకతా ధ్రువపత్రము జారీ చేయవలెను. దానిపై గుండ్రని ముద్ర ఉండవలెను," అని జవాబిచ్చారు.

ముద్ర అంటే బాషా. కోర్టు రోడ్డులో బాషాది రబ్బరు స్టాంపుల దుకాణం. అతనిది ఇంకా పాత పద్ధతే. సీసపు అక్షరాలు గుండ్రంగా పేర్చి, మెత్తటి సుద్ద పలక మీద నొక్కి అచ్చు తీస్తాడు. ఆ అచ్చు మీద రబ్బరు పెట్టి వేడి ప్రెస్సులో బిగిస్తాడు. మామూలుగా అయితే చీటీ రాసి పంపితే సరిపోయేది. కానీ నేనిప్పుడు నిపుణుణ్ణి! అచ్చు తయారవుతుంటే నిపుణుడు దగ్గర లేకపోతే ఎలా? స్వయంగా వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. బాషా అక్షరాలను పలక మీద ఒకసారి నొక్కాడు.

"అదేమిటి, ఒక్కసారేనా?" అన్నాను. "టంకశాలలో ఒక్క నొక్కుతో సరిపెట్టరు. రెండోసారి నొక్కితేనే అక్షరం లోతుగా దిగుతుంది." ఆ తర్వాత టంకశాలల గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. పక్క కొట్టు జిరాక్సు ఆయన కూడా వచ్చి విన్నాడు.

"ప్రభుత్వం వారు ఎన్నిసార్లు నొక్కమంటే అన్నిసార్లు నొక్కుతాను సార్. బిల్లు ఒకటే," అని బాషా రెండోసారి నొక్కాడు.

ఇంటికి వెళ్ళి, బాషాకు టంకశాల విద్య నేర్పి వచ్చానని మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ముద్ర వేసే పని మా అటెండరు పైడమ్మది. ఏడాదికోసారి రెన్యువలయ్యే ఉద్యోగం ఆమెది. భర్త లేడు. ఆ జీతం మీదే ఇల్లంతా నడవాలి. పైడమ్మకు తన చేతిమీద తగని గర్వం. ఆమె వేసిన ముగ్గు గీత ఒకచోట సన్నమూ ఒకచోట లావూ కాదు. నూనె డబ్బాలోంచి సన్నమూతి సీసాలోకి నూనె వంచితే బయట బొట్టు పడదు. ముద్ర చేతికిస్తే కళ్ళకద్దుకుని, కాగితం మీద నిలువుగా దింపి, నిలువుగా లేపింది.

"సూడండి బాబూ, ఎంత సక్కగా పడినాదో," అంది.

నేను చూడలేదు. నాణేల అంచుల్లో వెంట్రుకవాసి జంటల్ని వెతికే పనిలో ఉన్నాను. మా ముద్రలో "నిరర్థకము" అన్న మాట రెండేసిగా పడుతోందని ఆ వీధిలో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

బయటపెట్టింది సన్యాసినాయుడు. మా కాగితానికి అట్ట కట్టించి పరోటా పెనం పైన వేలాడదీశాడు. అది మా ధ్రువపత్రం మీద గౌరవంతో కాదు, పెళ్ళానికి రోజూ కనబడాలని. పరోటా తినడానికి వచ్చిన లెక్కల మాస్టారొకాయన దానివంక చూస్తూ చూస్తూ చెయ్యి ఆపేశాడట. మర్నాడే నాయుడు నా గదిలోకి వచ్చి కాగితం నా ముందు పెట్టాడు.

"సార్, మా నాణెం కుదుపన్నారు, బాగానే ఉన్నాది. మీ ముద్దరేటి సార్? అచ్చా, కుదుపా?"

భూతద్దం పెట్టి చూశాను. ప్రతి అక్షరమూ రెండు.

"ఇంకు ఎక్కువైంది," అన్నాను.

ఇంకు అని ఎవరూ నమ్మలేదు. వారం తిరక్కుండా కొత్త వీడియో వచ్చింది. ప్రభుత్వ ముద్రే రెండుగా పడ్డ ధ్రువపత్రాలు దేశంలో ఇంకెక్కడా లేవనీ, అవి ముందుముందు కోట్లు పలుకుతాయనీ. ఇక చూసుకోండి! జనం నాణేల్ని వదిలేసి కాగితాల మీద పడ్డారు. ఏ దోషమూ లేని నాణెం తెచ్చి, "దీనికి జంట లేదని రాసి ముద్దర గట్టిగా కొట్టించండి సార్," అనేవారు. ఒకాయన చొక్కా గుండీ తెచ్చాడు. కాగితం చేతిలో పడగానే నాణెం నా బల్లమీదే వదిలేసి పరుగెత్తేవారు. ధ్రువపత్రదారుల సంఘం పుట్టింది. సన్యాసినాయుడు అధ్యక్షుడయ్యాడు. పరోటాల బండికి పక్కన జెండా కూడా పెట్టాడు.

సంఘం వారికి కావలసింది ఒక్కటే: ముద్రలోది అచ్చుజంట అని ప్రకటించాలి. అలా అయితేనే వాళ్ళ కాగితాలకు విలువ. కుదుపుజంట అయితే అవి చిత్తుకాగితాలు.

తారకప్రభుగారు మళ్ళీ దిగారు. ముద్రను సాక్ష్యంగా స్వాధీనం చేసుకుని, గుడ్డ సంచిలో పెట్టి, లక్క వేసి, బీరువాలో పెట్టించారు. "విచారణ ముగియువరకు ముద్రను ఎవ్వరును పరిశీలించరాదు," అన్నారు.

"ముద్రను చూడకుండా విచారణ ఎలా సార్?"

"నిష్పాక్షికముగా," అన్నారు.

తర్వాత నన్ను పక్కకు పిలిచి, ఆయనకు వీలైనంత మామూలుగా మాట్లాడారు. "చూడండి సోమేశ్వరంగారూ. అచ్చు అనగా కార్యాలయము. చెయ్యి అనగా ఉద్యోగి. అచ్చుయందు లోపమున్నదనినచో కార్యాలయమందు లోపమున్నదని అర్థము వచ్చును. కార్యాలయమందు లోపముండుటకు నిబంధనలు అంగీకరించవు. కావున లోపము చేతియందే ఉండవలెను. ఇది కుదుపుజంట అని మీరు నిపుణాభిప్రాయము వ్రాసి ఇచ్చినచో సరి. అన్నట్లు, మీ ప్రమోషన్ దస్త్రము నా బల్లపైననే ఉన్నది."

పైడమ్మను సోమవారం నుంచి రావద్దన్నారు. అభిప్రాయం రాకముందే శిక్ష అమలైంది. మా శాఖలో పనులు ఆలస్యమవుతాయనే వాళ్ళకు ఇది కనిపించదు.

ఆమె నా బల్ల ముందు నిలబడింది.

"నా సెయ్యి వణికిందంటన్నారేటి బాబూ?"

"విచారణ జరుగుతోంది పైడమ్మా."

"వణుకుడు సెయ్యని కాయితం మీద ఎక్కించేస్తే రేపు ఏ ఆపీసోడు ఎట్టుకుంటాడు నన్ను? ఇంట్లో పొయ్యి ఎలాగ ఎలగాల? మీరు సూసినారు గదా బాబూ నా సెయ్యి. మీకు తెల్దేటి?"

నాకు తెలుసు. బాషా దుకాణంలో స్టూలు మీద కూర్చున్నది ఎవరో నాకు మరీ బాగా తెలుసు. నేను తల దించుకుని, చేతికందిన నాణేన్ని భూతద్దం కింద పెట్టి చాలా శ్రద్ధగా పరీక్షించాను. అది ఆమె నాకు టీ తెచ్చి తిరిగిచ్చిన చిల్లర. ఆమె వెళ్ళిపోయింది. ఛీ, నా బతుకు!

ఫైలు కోసం ముద్ర వేసి ఉంచుకున్న ధ్రువపత్రాల ప్రతులు ఓ బొత్తి ఇంటికి పట్టుకెళ్ళాను. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, "దీనికి ఇంత ఆలోచనేమిటి? బాషాకి రెండుసార్లు నొక్కమని చెప్పింది మీరేగా. ఆ విద్యేదో మీరే నేర్పానన్నారు," అంది. ఆడవాళ్ళకు జ్ఞాపకశక్తి ఉండటం మగవాళ్ళ ప్రమోషన్లకు మంచిది కాదు.

మింగలేక కక్కలేక ఒక్కో కాగితమే చూశాను. చేతి వణుకైతే ఒక్కో ముద్ర ఒక్కోలా ఉండాలి. ఒకటి కుడికి, ఒకటి కిందికి, ఒకచోట మరక. ఇక్కడ అన్నిట్లోనూ అదే జంట. కుడివైపుకి, కాస్త పైకి, అంతే ఎడం, అంచు చెదరకుండా. చూస్తున్నకొద్దీ నాకు ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళుగా మూటల కొద్దీ నాణేల్లో వెతికిన అచ్చుజంట ఇదే! ఇంత స్వచ్ఛమైనది నా జన్మలో మళ్ళీ చూడను. పైగా దాన్ని పుట్టించింది నేనే.

నాకప్పుడు పైడమ్మ పొయ్యి గుర్తొచ్చిందని, న్యాయం తట్టిలేపిందని రాస్తే బాగుంటుంది. కానీ అది అబద్ధం. అంత అందమైన అచ్చుజంటను పట్టుకుని కుదుపుజంట అని సంతకం పెట్టడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. రేపెవడైనా తెలిసినవాడు చూస్తే, సోమేశ్వరానికి తేడా తెలియదనుకోడూ? ప్రమోషన్ పోతే పోనీ, పరువు పోతే ఎలా?

"నిస్సందేహంగా అచ్చుజంట. అచ్చు తయారీలో రెండుసార్లు నొక్కబడటం వల్ల ఏర్పడినది," అని రాసి పంపాను. ఎవరు నొక్కించారో రాయలేదు. అంతటి పౌరుషం నాకు లేదు.

తారకప్రభుగారు నా కాగితం చదివి కుర్చీలో వెనక్కి వాలారట. ఆ కాగితం రాజధానికి వెళ్ళింది. అక్కడ పెద్దలు కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, చివరికి ఒక ఉత్తర్వు పంపారు. నేను ఉద్యోగం పోతుందని ఎదురుచూస్తున్నాను. ఉత్తర్వు చూస్తే సాష్టాంగపడాలనిపించింది.

అందులో తర్కానికి ఎక్కడా అతుకు లేదు. అచ్చు అనగా కార్యాలయము. కార్యాలయమందు లోపము ఉండదు. జంట అచ్చులోనే ఉన్నదని నిపుణులు తేల్చినారు. కాబట్టి జంట లోపము కాదు, విశిష్టత. ఇకపై శాఖ అధికార ముద్ర ద్వంద్వ ముద్రయే. ఒంటిముద్ర పడిన పత్రములు చెల్లవు. చేతి కుదుపుతో జంట సృష్టించుట ఫోర్జరీగా పరిగణించబడును. ప్రతి ముద్రనూ నిపుణులు సోమేశ్వరంగారు పరీక్షించి ధ్రువీకరించవలెను. మొట్టమొదటి ద్వంద్వ ముద్ర చారిత్రక సంపద గనుక దానిని, దానితో వేసిన మొదటి ధ్రువపత్రముతో సహా, అద్దాల పెట్టెలో భద్రపరచవలెను, వాడరాదు.

ఊళ్ళో సంఘం వారు బాణాసంచా కాల్చారు. మాకు మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు. శాఖ మొత్తంలో చెల్లే ముద్ర ఒక్కటే, అదేమో వాడకూడదు. వాచ్‌మన్ సెలవు చీటీ చెల్లలేదు. నా సర్వీసు కాగితాలు చెల్లలేదు కాబట్టి నేను అధికారికంగా ఉద్యోగంలో చేరనే లేదు. ఆఖరికి మా రెండో గదిలో ఉన్న తూర్పు గాంగ రాజుగారి రాగి శాసనానికి కూడా ఒంటిముద్రే ఉందని తేలింది. దాని కింద "ధ్రువీకరణ పెండింగులో ఉన్నది" అని చీటీ అతికించాం. రాజుగారు అగ్రహారం దానమిచ్చి వెయ్యేళ్ళు దాటింది. ఇప్పుడు ఆగింది.

పైడమ్మ నిర్దోషి అని తేలింది కదా, ఆమెను తిరిగి పెట్టుకోమని ప్రాంతీయ కార్యాలయం ఉత్తర్వు పంపింది. దానిమీద పడ్డది ఒంటిముద్ర.

తారకప్రభుగారికి ఫోన్ చేశాను.

"ద్వంద్వ ముద్రతో ధ్రువీకరించి నెలాఖరులోగా సమర్పించవలెను. లేనిచో పోస్టు రద్దగును," అన్నారు.

"ద్వంద్వ ముద్ర అద్దాల పెట్టెలో ఉంది సార్."

"అవును, చాలా చక్కగా అమర్చినారు," అన్నారు.

బాషా దగ్గరికి పరుగెత్తాను. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు, నిలబడే ప్రాధేయపడ్డాను. అతను రెండుసార్లు నొక్కాడు, మూడుసార్లు నొక్కాడు. కావాలని జరిపితే అక్షరాలు అలుక్కుపోయాయి. జరపకపోతే ముద్ర శుభ్రంగా ఒంటిగా వచ్చింది. "ఆవేళ మీరు మాట్లాడుతుంటే నా ధ్యాస ఎక్కడో ఉండి అలా కుదిరింది సార్. మళ్ళీ ఆ ఉపన్యాసం చెప్పండి పోనీ," అన్నాడు. నిజంగానే చెప్పాను. ఈసారి అతను శ్రద్ధగా విన్నాడు, అందుకే చెడింది. చివరికి శుభ్రంగా వచ్చిన ఒంటిముద్ర పట్టుకుని తిరిగొచ్చాను.

నెలాఖరు రోజు పైడమ్మ వచ్చింది. ఉత్తర్వు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కొంగులో చుట్టి తెచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. ఎక్కడా పని దొరకలేదట. వణుకుడు చెయ్యి అన్న మాట ఆమె కంటే ముందే అన్ని ఆఫీసులకూ వెళ్ళిందట. ఇన్నాళ్ళకు మొదటిసారి ఆ కాగితం వంక కాకుండా ఆ మనిషి వంక చూశాను.

లేచి తలుపు దగ్గరికి వేశాను. సొరుగులోంచి బాషా ఇచ్చిన ఒంటిముద్ర తీశాను.

"పైడమ్మా, నువ్వే కొట్టు. కొట్టి పైకి తీసేటప్పుడు చెయ్యి కాస్త కదుపు. ఊరికే, ఇంతే. రెండుగా పడుతుంది."

ఆమె చెయ్యి చాపలేదు.

"సెయ్యి వణికిందని తీసేసినారు. ఇప్పుడు వణికిస్తేగానీ ఎట్టుకోరేటి బాబూ?"

ముద్రను ఆమె వైపుకు జరిపాను.

ఆమె ముద్ర తీసుకుని కళ్ళకద్దుకుంది. పక్కనున్న చిత్తుకాగితం మీద నిలువుగా దింపి, నిలువుగా లేపింది. ఒక్కటే ముద్ర, గీత చెదరకుండా. కాగితాన్ని నా ముందుకు జరిపింది.

"ఇదీ నా సెయ్యి. ఉద్యోగం కోసం దీన్ని నాను పాడుసేసుకోను. ఆకలికైతే ఆగుతాను గానీ ఆ మాట పడలేను. మీరేటి సేసుకుంటారో సేసుకోండి," అని ముద్ర బల్లమీద పెట్టేసింది.

ఇక మిగిలింది నా చెయ్యి. ముద్ర తీసుకున్నాను. ఉత్తర్వు పరిచాను. చేతి కుదుపుతో జంట సృష్టించుట ఫోర్జరీ. దాన్ని పట్టుకోవలసిన నిపుణుణ్ణి నేనే. ఎంతమందిని, ఎన్ని మూటల్ని, కుదుపు కుదుపు అని ఇదే బల్ల ముందు నుంచి తిప్పి పంపాను! కావాలని కదపవలసిన పనే లేకపోయింది. భయానికి నా చెయ్యి దానంతటదే వణికింది.

ఎత్తి చూస్తే రెండుగా పడింది. భూతద్దం పెట్టాను. అంచు అలుక్కుపోయి ఉంది, ఒక మూల మరక. చూడటం నేర్చిన మొదటిరోజు పిల్లాడైనా చెప్పేస్తాడు, ఇది కుదుపుజంట అని. నేను కలం తీసి, "పరీక్షించితిని. నిస్సందేహంగా అచ్చుజంట," అని రాసి సంతకం పెట్టాను.

సిగ్గేసింది. నిపుణుడిగా నేను రాసిన మొదటి అబద్ధం అది. కానీ చాలా రోజులకు ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించింది.

తనిఖీకి తారకప్రభుగారు వచ్చేసరికి పైడమ్మ గుమ్మం దగ్గర స్టూలు మీద ఉంది. ఆయన ఆ ఉత్తర్వు తెప్పించుకుని నా భూతద్దం అడిగారు. ఆయన కాగితాన్ని వెలుతురుకు పెట్టారు, దగ్గరకు తెచ్చారు, దూరంగా పెట్టారు. అద్దాల పెట్టె దగ్గరికి వెళ్ళి అసలు ముద్రతోనూ, దాని పక్కనున్న మొదటి ధ్రువపత్రంతోనూ పోల్చారు.

"ఆహా!" అన్నారు. "అచ్చుజంట అనగా ఇది! ఎంతటి స్పష్టత! ఎంతటి విశిష్టత! దీనితో పోల్చినచో మొదటిదాని యందు చెయ్యి కొంచెము వణికినట్లు తోచుచున్నది."

"సార్, మొదటిది..." అని నోరు తెరిచాను. నా జన్మలో మళ్ళీ చూడలేని ఆ అచ్చుజంట నావంకే చూస్తున్నట్టనిపించింది. గుమ్మం దగ్గర పైడమ్మ కూడా చూస్తోంది.

"అవును సార్," అన్నాను.

మొదటి ధ్రువపత్రాన్ని పెట్టెలోంచి తీయించి, ఆ చోట పైడమ్మ ఉత్తర్వు పెట్టించారు. కింద "ద్వంద్వ ముద్రకు ఆదర్శ నమూనా" అని రాయించారు. ఇప్పుడు ఇతర జిల్లాల నుంచి కూడా ఉద్యోగులు శిక్షణ కోసం వచ్చి చూసి వెళుతున్నారు. నా ప్రమోషన్ కూడా వచ్చింది. ఆ కాగితం మీద ఏ ముద్ర పడిందో నేను భూతద్దం పెట్టి చూడలేదు.

రోజూ పొద్దున్నే పైడమ్మ ఆ అద్దం తుడుస్తుంది. ఒక చివర నుంచి ఇంకో చివరకు, గీత కనపడకుండా, ఒక్క తుడుపు. మొన్న నేను అటువైపు వెళుతుంటే గుడ్డ పిండుతూ పిలిచింది.

"బాబూ, ఒచ్చినోలంతా దీన్ని ఎవులు కొట్టినారని అడుగుతున్నారు."

"ఏం చెబుతున్నావు పైడమ్మా?"

"ఎవులో నాకు తెల్దంటన్నాను," అంది అద్దంలోకి ఓసారి చూసి. "నాను కాదని మాత్రం గట్టిగా సెప్తన్నాను."